సర్వర్ బోర్డుల లైన్ చేతికొచ్చింది, ఫెయిల్ అయ్యే బోర్డులు ఎక్కడ చెడిపోతాండాయో దొరకడం లేదు – తెలిసినోళ్లు చెప్పండన్నా

కడప_బోర్డులు:
అన్నలకు, అక్కలకు నమస్తే. నాది కడప. పదకొండేళ్లు సెల్‌ఫోన్ లైన్లలో చేసినా, మొదట శ్రీపెరంబుదూరు, తర్వాత శ్రీసిటీ. రెండు నెలల కింద మన జిల్లాలోనే ఒక కంపెనీలో సర్వర్ మదర్‌బోర్డుల ఆపరేషన్స్ మొత్తం నా చేతికిచ్చినారు. ఇంటి నుంచి పోయొచ్చే దూరంలో ఇట్లాంటి పని దొరుకుతుందని నేను ఎప్పుడూ అనుకోలేదు, అందుకే ఇది నిలబెట్టుకోవాలని బో ఆశగా ఉంది.

ఫోన్ బోర్డుకి, దీనికి పోలికే లేదు. ఇది అన్నం తినే విస్తరాకంత ఉంటాది, మందం ఎక్కువ, లోపల పొరలు ఎక్కువ, రెండు సీపీయూ సాకెట్లు, ఒక్కో సాకెట్‌లో 4677 కాంటాక్ట్‌లు, చుట్టూ మెమరీ స్లాట్లు. ఒక్క బోర్డు పోయిందంటే దాని మీద ఎక్కించిన సరుకు రేటు తలుచుకుంటేనే నిద్ర పట్టదు.

సంగతేందంటే ఫంక్షనల్ టెస్ట్‌లో, అంటే బోర్డుని నడిపి చూసే చోట, మెమరీ ట్రైనింగ్ (సీపీయూ మెమరీతో సర్దుబాటు చేసుకునే దశ) దగ్గర బోర్డులు ఆగిపోతాండాయి. చల్లగా ఉన్నప్పుడు బాగానే లేస్తాది, వేడెక్కినాక ఒక మెమరీ చానల్ కనపడకుండా పోతాది. ఏఓఐ (కెమెరాతో చూసే టెస్ట్)లో పాస్, ఐసీటీ (సూదులు తాకించి కొలిచే టెస్ట్)లో పాస్. అన్ని బోర్డులూ కాదు, ఒకరోజు రెండు, ఒకరోజు ఏడు, ఒకరోజు ఒక్కటీ లేదు. ఎక్కువగా నైట్ షిఫ్ట్ టెస్ట్‌లోనే పడుతున్నాయి, అందుకని ఇక్కడ అందరూ నైట్ టెస్ట్ పిల్లోళ్లను అంటాండారు. నాకు మాత్రం మనసొప్పడం లేదు. యాడ నుంచి మొదలుపెట్టాలి?

లెక్కల_మనిషి_కర్నూలు:
బ్రదర్, ముందు టెస్ట్ ఫిక్స్చర్ చూసుకో. అవే మెమరీ స్టిక్కులు రోజూ పదుల సార్లు పెట్టి తీస్తారు, వాటి బంగారు పూత అరిగిపోతుంది, అప్పుడు బోర్డు బాగున్నా ఫెయిల్ చూపిస్తుంది. నేను ఇలాంటిదే చూశాను, స్టిక్కులు మార్చేసరికి సగం ఫెయిల్యూర్లు పోయాయి. ఎన్ని సార్లు పెట్టారో లెక్క రాసిపెట్టమను. నైట్ షిఫ్ట్ వాళ్లకు పాత స్టిక్కులు మిగిలాయేమో కూడా అడుగు.

అనంత_టెస్ట్_బెంచ్:
నేను తాడిపత్రి, ఇప్పుడు బెంగళూరులో టెస్ట్ ఇంజనీరు. పైన చెప్పింది కరెక్టేనప్పా, అది ముందు తేల్చుకోవాల. దానికి సులువైన దారి ఉంది: గోల్డెన్ బోర్డు, అంటే ఖచ్చితంగా బాగుందని మీకు తెలిసిన బోర్డు ఒకటి తీసుకుని రాత్రంతా అదే బెంచ్‌లో అదే పిల్లోళ్ల చేత నడిపించు. అది కూడా ఫెయిల్ అయితే బెంచ్ తప్పు. అది తెల్లవార్లూ పాస్ అయితే బెంచ్‌నీ పిల్లోళ్లనీ వదిలెయ్.

రెండోది, ఇదే అసలైన మాట. మీరందరూ ఫెయిల్యూర్లను టెస్ట్ అయిన టైమ్ ప్రకారం చూస్తాండారు. బోర్డు చెడిపోయింది టెస్ట్ దగ్గర కాదు, టెస్ట్ దగ్గర బయటపడింది అంతే. ప్రతి బోర్డుకీ సీరియల్ నెంబరు ఉంటాది కదా, ఫెయిల్ అయిన సీరియళ్లన్నీ తీసి అవి పేస్ట్ ప్రింటర్ (బోర్డు మీద సోల్డర్ పేస్ట్ అద్దే మిషన్) కింద యా తారీకున యా నిమిషానికి పోయినాయో ఆ వరసలో పెట్టు. తర్వాత రీఫ్లో ఓవెన్ (ఆ పేస్ట్‌ని కరిగించే ఓవెన్) టైమ్ ప్రకారం పెట్టు. తర్వాత యా రీల్ (చిప్పులు వచ్చే చుట్ట) నుంచి యా చిప్ ఎక్కిందో ఆ ప్రకారం పెట్టు. యాడో ఒక చోట అవి గుంపుగా కూర్చుంటాయి, ఆ గుంపే నీకు చెప్తాది.

కడప_బోర్డులు:
గోల్డెన్ బోర్డు మూడు రాత్రులు పెట్టినాం. ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు. పిల్లోళ్లకు ఆ మాట నేనే పోయి చెప్పినా, వాళ్ల మొహాలు చూస్తే నాకే గుండె బరువైంది, మూడు వారాలుగా మాటలు పడినారు.

ఇంక సీరియళ్ల సంగతి. డేటా అంతా ఒక చోట లేదు, ప్రింటర్‌ది ఒక కంప్యూటర్లో, టెస్ట్‌ది ఇంకో కంప్యూటర్లో, రెండిటి గడియారాలకి ఆరు నిమిషాల తేడా. మధ్యాహ్నం అన్నానికి కూడా పోకుండా నేను, ఇంకో ఇంజనీరమ్మాయి కూర్చుని 41 బోర్డులు వరస పెట్టినాం. 41లో 33 మధ్యాహ్నం 3:45కి 4:20కి మధ్యలో ప్రింట్ అయినవే. రోజులు వేరే, టైమ్ ఒకటే. చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడినాయి.

3:15కి టీ బ్రేక్, 3:45కి మళ్లీ లైన్ మొదలు. మరి రాత్రి టెస్ట్‌లో ఎందుకు పడతాండాయంటే, సాయంత్రం ప్రింట్ అయిన బోర్డులు మిగతా స్టేషన్లన్నీ దాటుకుని అయిదు రోజుల తర్వాత టెస్ట్‌కి చేరేది రాత్రి పూటే. అంతే. పాపం ఆ పిల్లోళ్లకు దీంతో ఏ సంబంధమూ లేదు.

పాతకాలం_సోల్డర్:
బాబూ, నేను ముప్పై ఏళ్ల పైన ఈ పనిలో ఉండి రిటైర్ అయినాను, ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటున్నా. నీ జవాబు టీ బ్రేక్‌లోనే ఉంది. అరగంట ప్రింటర్ ఊరికే నిలబడితే స్టెన్సిల్ (పేస్ట్ దిగేందుకు రంధ్రాలున్న రేకు) మీదున్న పేస్ట్ ఆరుతుంది, సన్న రంధ్రాల్లో ఉన్నది ఇంకా తొందరగా ఆరి అంటుకుంటుంది. పైగా మన సీమలో ఎండాకాలం గాలిలో తేమ తక్కువ, ఏసీ వేస్తే అదీ పోతుంది. మళ్లీ లైన్ మొదలుపెట్టినప్పుడు మొదటి కొన్ని బోర్డులకు పేస్ట్ పూర్తిగా దిగదు. బ్రేక్ తర్వాత స్టెన్సిల్ తుడవాలి, పేస్ట్ కలపాలి, రెండు మూడు సార్లు వట్టి ప్రింట్ కొట్టాలి, ఆ తర్వాతే అసలు బోర్డు పెట్టాలి.

పేస్ట్ అంటే పెరుగులాంటిది బాబూ, మనిషి కనిపెట్టుకుని ఉండాలి. ఫ్రిజ్‌లో 0 నుంచి 10 డిగ్రీల్లో పెట్టాలి, వాడే ముందు మూత తీయకుండా నాలుగు గంటలు బయట పెట్టాలి, చల్లగా ఉండగానే మూత తీస్తే నీటి చెమ్మ పట్టి ఓవెన్‌లో చిటపటలాడుతుంది.

ఇంకొకటి, పెద్ద సాకెట్, పెద్ద బోర్డు వేడికి వంగుతాయి. సీసం లేని సోల్డర్ 217 డిగ్రీలకు కరగడం మొదలవుతుంది, పీక్ 240 చుట్టుపక్కల పెడతారు. ఆ వేడికి సాకెట్ మూలలు కొంచెం పైకి లేస్తాయి. పేస్ట్ నిండుగా ఉంటే లేచినా అందుకుంటుంది, తక్కువ పడితే సాకెట్ అడుగున ఉండే సోల్డర్ బంతి పైనే ఉండిపోతుంది, బోర్డు మీది పేస్ట్ కిందే కరుగుతుంది, మళ్లీ చల్లారి దిగినప్పుడు ఒకదాని మీద ఒకటి ఆనుకుంటాయి గానీ కలవవు. దిండు మీద తల పెట్టినట్టు. దాన్ని హెడ్ ఇన్ పిల్లో అనేది అందుకే.

ఓర్వకల్లు_డిప్లొమా:
సార్ నేను డిప్లొమా ఈసీఈ మూడో సంవత్సరం, ఒక డౌట్. కలవకపోతే ఐసీటీలోనే ఓపెన్ అని రావాలి కదా? అదెట్లా పాస్ అయింది?

అనంత_టెస్ట్_బెంచ్:
మంచి డౌట్ తమ్ముడూ. కలవలేదు గానీ తాకుతాంది కదా, తాకితే కరెంటు పోతాది. ఐసీటీలో సూదుల మంచం మీద బోర్డుని పైనుంచి అదిమి పట్టి కొలుస్తారు, ఆ అదుముడికి ఇంకా గట్టిగా తాకుతాది. అంతసేపూ బాగుందనే చెప్తాది. బోర్డు పని చేసి వేడెక్కినప్పుడు ఒక్కో పదార్థం ఒక్కో తీరుగా సాగుతాది, అప్పుడు ఆ ఆనుకున్నది విడిపోతాది. చల్లగా పాస్, వేడిగా ఫెయిల్ అంటే నాకు మొట్టమొదట గుర్తొచ్చేది ఇదే. ఏఓఐ కెమెరా పైనుంచి చూస్తాది కాబట్టి సాకెట్ కింద దానికి కనపడదు. ఎక్స్‌రే కూడా నిటారుగా తీస్తే బంతి నీడ గుండ్రంగానే వస్తాది, వాల్చి తీస్తేనే నడుము దగ్గర నొక్కు కనపడతాది.

రీవర్క్_అక్క_నంద్యాల:
నేను రీవర్క్ బెంచ్ మీద, అంటే చెడిన బోర్డులు చేత్తో బాగుచేసే చోట, తొమ్మిదేళ్లు చేసినా. ఇట్లాంటి సాకెట్ ఎత్తినప్పుడు కంటికి తెలిసిపోతాది, బాగా కలిసింది అయితే బంతి తెగిపోయినట్టు గరుకుగా వస్తాది, కలవంది అయితే బంతి నున్నగా గుండ్రంగా పైకొచ్చేస్తాది, కింద ప్యాడ్ మీద చిన్న గుంట ఉంటాది. ఒక బోర్డు పోతే పోయింది అని రంగు పోసి పెరికి చూడు, విడిపోయిన చోటల్లా రంగు దూరి ఉంటాది, అప్పుడు ఇంక ఎవరూ నీ మాట కాదనలేరు.

తమ్ముడూ ఇంకో మాట అడుగుతా ఏమనుకోవద్దు. పేస్ట్ తక్కువ పడితే ప్రింటర్ పక్కనే ఎస్పీఐ మిషన్ ఉంటాది కదా, అది ఎత్తూ ఘనమూ కొలిచి బోర్డుని ఆపాల. అది ఎందుకు ఆపలేదు? నువ్వు దాని సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. ముందు ఆ మిషన్ దగ్గర యెవరు నిలబడతారో ఆ పాపని కూర్చోబెట్టుకుని మాట్లాడు, అరవకుండా మాట్లాడు.

కడప_బోర్డులు:
అక్కా, నువ్వు అడిగిందే జరిగింది. నాలుగు రోజులు ఇక్కడికి రాలేకపోయినా, చెప్పాలంటే మనసు బాగలేక రాలేదు.

రంగు పోసి పెరికినాం. సాకెట్ రెండు మూలల్లో ఎర్ర రంగు దూరి ఉంది. పెద్దాయన చెప్పింది చెప్పినట్టు.

ఎస్పీఐలో పేస్ట్ ఘనం ఇంతకంటే తగ్గితే ఆపు అని ఒక లిమిట్ ఉంటాది. మొదట పెట్టింది 60 శాతం. మార్పుల చిట్టా తీసి చూస్తే అది ఆరు వారాల కింద 35కి దిగింది. దించింది ప్రింటర్ దగ్గర చేసే అమ్మాయి, లైన్ లీడర్‌కి చెప్పే దించింది. ఎందుకు దించినావమ్మా అని అడిగినా. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత చెప్పింది. టీ బ్రేక్ అయినాక మిషన్ ఊరికే ఆగుతాంది సార్, ఆగినప్పుడల్లా స్టెన్సిల్ తుడిచేసరికి పది నిమిషాలు పోతాంది, నాలుగు గంటలకు మీరు గ్రూపులో ఎన్ని బోర్డులు అని అడుగుతారు, తక్కువుంటే ఎందుకు తక్కువ అని మళ్లీ అడుగుతారు, అందుకని దించినాం అని.

నిజమే. నేను వచ్చిన మొదటి వారం నుంచి గంటగంటకూ ఎన్ని బోర్డులు అని గ్రూపులో అడుగుతా ఉన్నా. ఫోన్ లైన్లో అదే అలవాటు. ఒక్కరోజు కూడా ఎన్ని మొదటిసారే పాస్ అయినాయి అని అడగలేదు, మిషన్ ఎందుకు ఆగింది అని అడగలేదు. ఆ అమ్మాయిది తప్పని నేను ఎట్లా అంటా?

లెక్కల_మనిషి_కర్నూలు:
నువ్వు మరీ మెత్తగా పోతున్నావు బ్రదర్. ఆ లిమిట్ ఆపరేటర్ చేతికి అందేలా ఉండటమే తప్పు. పాస్‌వర్డ్ పెట్టు, ప్రాసెస్ ఇంజనీరు తప్ప ఎవరూ మార్చకూడదు, మార్చినా కాగితం మీద ఇద్దరి సంతకం ఉండాలి. కస్టమర్ ఆడిట్‌కి వచ్చి ఆ చిట్టా చూస్తే నీ కంపెనీకి ఆర్డరే ఉండదు. ఇంకా గంటగంటకూ లెక్క అడగటం తప్పని నేను ఒప్పుకోను, లెక్క అడక్కపోతే సాయంత్రానికి ఏముంటుంది చేతిలో?

రీవర్క్_అక్క_నంద్యాల:
పాస్‌వర్డ్ పెట్టొద్దని ఎవరూ అనలేదన్నా, పెట్టాల్సిందే. కానీ పాస్‌వర్డ్ పెట్టి ఊరుకుంటే వాళ్లు ఇంకో దారి ఎతుక్కుంటారు. నేను చూసినా, మిషన్ ఆపితే బోర్డు తీసి తుడిచి మళ్లీ పెట్టేస్తారు, తుడిచిన పేస్ట్ రంధ్రాల్లో ఇరుక్కుంటాది, అది ఇంకా చెడ్డ. మనిషికి భయం ఉన్నంత సేపూ మిషన్ నిజం చెప్పినా లాభం లేదు.

పాతకాలం_సోల్డర్:
ఇద్దరూ సరైన మాటే అన్నారు. లెక్క అడగాలి, ఏ లెక్క అడుగుతున్నామో చూసుకోవాలి. అయిదు స్టేషన్లు ఉన్నాయనుకో, ఒక్కోదాంట్లో 98 శాతం మొదటిసారే పాస్ అవుతాయి అనుకో. వినడానికి 98 బాగుంటుంది. అయిదింటినీ గుణిస్తే 90. అంటే వంద బోర్డుల్లో పది ఎక్కడో ఒక చోట చేతి పని చేయించుకునే బయటికి పోతున్నాయి. ఆఖర్న డబ్బాలో పడిన బోర్డులే లెక్కపెడితే ఆ పది నీకు ఎప్పటికీ కనపడవు, రీవర్క్ బెంచ్ మీద ఆ అక్కలాంటి వాళ్లు మోస్తుంటారు. ఆ 90ని బోర్డు మీద పెద్దగా రాసి గోడకు పెట్టు.

టొయోటా వాళ్ల ఫ్యాక్టరీలో లైన్ పక్కన తాడు ఉంటుంది, ఏ పనివాడైనా లాగొచ్చు, లాగితే ముందు లీడర్ పరిగెత్తుకుని వస్తాడు, అక్కడికక్కడ తేలకపోతే లైన్ ఆగుతుంది. ఆ తాడు కట్టడం తేలిక. లాగినవాడి దగ్గరికి నువ్వు ఏ మొహంతో పోతావు అనేదాన్ని బట్టే రేపు ఎవరైనా లాగేది లేనిది.

సరుకు_సప్లై_కడప:
నేను మెటీరియల్స్ వైపు వాణ్ణి, ఇంత మంచి చర్చలో నా వంతు ఒకటి చెప్తా. కడప_బోర్డులు అన్నా, నువ్వు రాసిన దాంట్లో నన్ను ఆపేసింది ఆ అయిదు రోజులు. రోజుకి ఎన్ని బోర్డులు బయటికి పోతాండాయి, ఫ్లోర్ మీద ఎన్ని ఉండాయి? రోజుకి 120 పోయి ఫ్లోర్ మీద 600 ఉంటే బోర్డు లోపల ఉండేది అయిదు రోజులు, ఇది చిన్న లెక్క, లిటిల్ అనే ఆయన సూత్రం. ప్రింటర్ దగ్గర ఈ రోజు జరిగిన తప్పు టెస్ట్‌లో అయిదు రోజులకు తెలిస్తే, ఆ అయిదు రోజులూ అదే తప్పు బోర్డుల మీద వేసుకుంటానే ఉంటాం. లోపల 120 మాత్రమే ఉండేట్టు చూసుకో, అప్పుడు ఈ రోజు తప్పు రేపటికి తెలుస్తాది. ట్రాలీల మీద బోర్డులు నిండుగా ఉంటే చూసేదానికి బాగుంటాది, పని జరగతాన్నట్టు అనిపిస్తాది, నాకైతే అవి నిలబడిపోయిన డబ్బూ దాగిపోయిన తప్పులూ.

ఇంకోటి మన ఎండల గురించి. మే నెలలో మన కాడ 42, 43 డిగ్రీలు. చిప్పుల రీళ్లు తేమ పట్టకుండా సీల్ వేసిన కవర్లో వస్తాయి. తేమకు ఎంత తొందరగా పాడవుతాయో చెప్పే లెవెళ్లు ఉంటాయి, లెవెల్ 3 చిప్పు అయితే సీల్ విప్పినాక 30 డిగ్రీలు, 60 శాతం తేమ దాటకుండా 168 గంటల్లోపు ఓవెన్ దాటాల. అది దాటితే బేక్ చెయ్యాల, లేకుంటే ఓవెన్ వేడికి లోపలి తేమ ఆవిరై చిప్పు లోపలే పగులుతాది, పేలాలు వేగినట్టు. అన్‌లోడింగ్ దగ్గర మధ్యాహ్నం లారీ తలుపు తీసి ఇన్వాయిస్ కోసం గంట నిలబెడతాండారు చూడు, అది ముందు మాన్పించు. 2021లో చిప్పుల కరువప్పుడు కొన్ని పార్టులకు ఏడాది పైన ఎదురుచూసినాం, ఒక్క రెండు రూపాయల రెగ్యులేటర్ లేక మొత్తం బోర్డులు నిలబడిపోయినాయి. అప్పటి నుంచి నాకు ఒక్క రీల్ కూడా పాడు చేసుకోబుద్ధి కాదు.

ఓర్వకల్లు_డిప్లొమా:
సార్ ఇవన్నీ మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. కొప్పర్తి, ఓర్వకల్లు రెండిటికీ 2024 ఆగస్టులో కేంద్రం ఇండస్ట్రియల్ సిటీలుగా ఒప్పుకుంది అని మా ఊర్లో అందరూ మాట్లాడుకుంటాండారు, ఉద్యోగాలు వస్తాయని మా నాయన కూడా ఆశ పెట్టుకున్నాడు. ఇట్లాంటి లైన్లోకి రావాలంటే ఇప్పటి నుంచి ఏం నేర్చుకోవాల?

అనంత_టెస్ట్_బెంచ్:
తమ్ముడూ, ముందు చేత్తో సోల్డర్ చెయ్యడం నేర్చుకో, పాత బోర్డులు తెచ్చుకుని పెరికి మళ్లీ పెట్టు. ఐపీసీ 610 అని ఒక స్టాండర్డ్ ఉంది, యా జాయింటు బాగున్నట్టు, యాది కానట్టు బొమ్మలతో సహా ఉంటాది, దాన్ని కంటికి పట్టించుకో. మణికట్టు స్ట్రాప్ లేకుండా బోర్డు ముట్టుకోవద్దు, నీ చేతికి చురుక్కుమని తెలిసేసరికే దాదాపు మూడు వేల వోల్టులు ఉంటాయి, కొన్ని చిప్పులకు వంద వోల్టులు కూడా ఎక్కువే. ఆ తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో డేటా వరస పెట్టడం. అన్న, ఆ ఇంజనీరమ్మాయి ఇద్దరూ 41 సీరియళ్లు వరస పెట్టినారు చూడు, ఆ పని ఓపికగా చేసేవాళ్లు యా ఫ్యాక్టరీకైనా కావాల. రోడ్లూ షెడ్లూ గవర్నమెంటు వేస్తాది, ఈ కన్ను మాత్రం మనమే తెచ్చుకోవాలప్పా.

కడప_బోర్డులు:
నెల తర్వాత మళ్లీ వస్తాండా. చేసినవి చెప్తా.

లిమిట్ 60కి తిరిగి పెట్టినాం, పాస్‌వర్డ్ కూడా పెట్టినాం, కర్నూలు అన్న చెప్పినట్టు ఇద్దరి సంతకం. టీ బ్రేక్‌కి ఇంతకుముందు అందరూ ఒకేసారి పోయేవాళ్లు, ఇప్పుడు ప్రింటర్ దగ్గర ఒకరు మార్చి ఒకరు పోతాండారు, ప్రింటర్ అరగంట ఆగడమే లేదు. ఒకవేళ ఆగినా తుడిచి వట్టి ప్రింట్లు కొట్టినాకే బోర్డు. పెద్ద బోర్డు వంగకుండా ఓవెన్‌లో కింద సపోర్టు ప్యాలెట్ పెట్టి, దాంతోపాటే థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు) సాకెట్ మూలల్లో అతికించి ప్రొఫైల్, అంటే ఓవెన్‌లో బోర్డుకి వేడి ఎట్లా ఎక్కి దిగుతాదో ఆ లెక్క, మళ్లీ తీసినాం. పాత ప్రొఫైల్ మెమరీ స్లాట్లు లేని బోర్డుతో తీసిందని అప్పుడే తెలిసింది, అంత ప్లాస్టిక్కూ రాగీ మీదెక్కినాక మూలలకు వేడి అందేదే కాదు. ఇది ఎవరూ చెప్పలేదు, ఎతికితే దొరికింది.

ఎక్స్‌రే ఇంతకుముందు పొద్దున మొదటి బోర్డుకే తీసేవాళ్లు. ఇప్పుడు ప్రతి ఆగుడు తర్వాత మొదటి బోర్డుకి కూడా, వాల్చి తీస్తాండారు. ఫ్లోర్ మీద బోర్డులు తగ్గించినాం, ఇంకా అయిదు రోజుల నుంచి రెండు రోజులకే వచ్చినాం, ఒక్క రోజుకి తేవాలి. తగ్గించేటప్పుడు మొదటి వారం పైవాళ్లు నన్ను బాగా అడిగినారు, లైన్ ఖాళీగా కనపడతాందే అని. ఆ 41 బోర్డుల కాగితం తీసుకుపోయి చూపించినా, తర్వాత ఏం అనలేదు.

మెమరీ ఫెయిల్యూర్లు ఈ రెండు వారాల్లో మూడు. ఆ మూడూ వేరే కారణం, సాకెట్ మూత తీసేటప్పుడు పిన్ను వంగింది, దాని పని ఇప్పుడు మొదలుపెట్టినా.

గ్రూపులో గంటకి ఎన్ని అని అడగడం మానేసినా. పొద్దున, సాయంత్రం లైన్ దగ్గరికే పోయి ఈ పూట ఎన్నిసార్లు ఆగింది, యాడ ఆగింది అని అడుగుతాండా.

రీవర్క్_అక్క_నంద్యాల:
ఆ ప్రింటర్ పాప ఇంకా అక్కడే ఉందా తమ్ముడూ?

కడప_బోర్డులు:
ఉందక్కా. నిన్న నాలుగు గంటలప్పుడు ఆ అమ్మాయే లైన్ ఆపింది. స్క్వీజీ (పేస్ట్‌ని స్టెన్సిల్ మీద లాగే పట్టీ) అంచు దగ్గర చిన్న నొక్కు పడింది, పేస్ట్ ఒక గీత లాగా మందంగా దిగుతాంది. మిషన్ ఇంకా పాస్ అనే చెప్తాంది, ఆ పాప కంటికి నచ్చక ఆపేసింది. నేను పోయేసరికి చేతులు కట్టుకుని నిలబడి ఉంది, ఏమంటానో అని. స్క్వీజీ విప్పేటప్పుడు రెండో కొస నేను పట్టుకున్నా. పదకొండు నిమిషాలు పట్టింది. విప్పినాక ఆ నొక్కు ఎట్లా కనిపెట్టినావమ్మా అని అడిగితే, వెలుతురులోకి వంచి నాకు చూపించింది.